జీసీసీలో సౌదీ పెత్తనం ఎంత? 2017లో దోహాలో నేను చూసింది

సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, కువైట్, ఒమన్, ఖతార్ సభ్యులుగా ఉన్న గల్ఫ్ సహకార మండలి (జీసీసీ) రక్షణ, విదేశాంగ విధానాలను సౌదీ అరేబియా ఒక్కటే నిర్ణయిస్తుందా, మిగిలిన ఐదు దేశాలూ తలూపడమేనా అన్నది ప్రశ్న. సౌదీకి పెత్తనం ఉన్న మాట నిజమే. అయితే అది మండలి సమావేశాల్లో కన్నా సరిహద్దు గేటు దగ్గరే ఎక్కువగా చెల్లుతుందని నా అభిప్రాయం. పుస్తకాలు చదివి ఏర్పరచుకున్న అభిప్రాయం కాదిది. 2017 జూన్ 5న, సోమవారం ఉదయం, నా బల్ల మీదున్న ఒక కాగితం వల్ల కలిగినది.

అప్పట్లో నేను ఖతార్ రాజధాని దోహాలో ఆహార పదార్థాలు దిగుమతి చేసుకునే ఒక సంస్థలో కస్టమ్స్ పత్రాలు చూసే ఉద్యోగిని. ఖతార్‌కు భూ సరిహద్దు ఉన్నది ఒక్క సౌదీతోనే కాబట్టి పాలు, పెరుగు వంటి నిలవ ఉండని సరుకంతా అవతల సల్వా, ఇవతల అబూ సమ్రా తనిఖీ కేంద్రాల మీదుగా లారీల్లో వచ్చేది. రంజాన్ నెల కావడంతో ఆఫీసు ఆలస్యంగా తెరిచేవారు. నేనింకా గదిలో ఉండగానే మా సరుకు తెస్తున్న పాకిస్తానీ డ్రైవర్ ఫోన్ చేశాడు. "భాయ్, గేటు వేసేశారు, బండి వెనక్కి తిప్పమంటున్నారు, ఏం చేయమంటావు?" అన్నాడు. మా బండ్లు ఆగాయంటే అంతవరకు పత్రాల్లో తప్పులే కారణం గనుక, ఈసారీ అదేననుకుని ఏ కాగితం అడిగారని ప్రశ్నించాను. "కాగితాలు ఎవరూ చూడటం లేదు భాయ్" అన్నాడు.

ఆఫీసుకు వెళ్లి ఫైలు తీస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇన్వాయిస్, ఆరోగ్య ధ్రువపత్రం, వాటి పైన సరుకు జీసీసీ సభ్యదేశంలోనే తయారైందని, దానికి సుంకం వర్తించదని తెలిపే మూలదేశ ధ్రువపత్రం. 2003 నుంచి ఆరు దేశాలకూ ఒకే కస్టమ్స్ యూనియన్, బయటి సరుకు మీద 5 శాతం ఉమ్మడి సుంకం. 2008 నుంచి ఉమ్మడి మార్కెట్. ఇన్నేళ్ల ఒప్పందాల బలమంతా ఆ నీలిరంగు ముద్రలో ఉంది గానీ, లారీలోని శీతల యంత్రాన్ని నడిపించాల్సిన డీజిల్ మాత్రం అయిపోతోంది. రెండు రోజులు ఎదురుచూసి బండి సౌదీలోని దమ్మామ్ వైపు వెళ్లిపోయింది. సరుకు నష్టం ఎవరు భరించాలన్న తగవు ఏడాదికి పైగా సాగింది. అసలు అంతకుముందు మాత్రం ఏం బాగుందని? ఉమ్మడి మార్కెట్ అన్నది పేరుకే గానీ, ఒకే పెట్టెకు సరిహద్దుకు అటొక తనిఖీ, ఇటొక తనిఖీ చేయించి, ఒకే లెక్కను రెండు రకాల ఫారాల్లో నింపి పంపిన రోజులు నాకు గుర్తున్నాయి.

ఆ సాయంత్రం సూపర్ మార్కెట్లో పాల అర ఖాళీగా ఉంది. కొద్ది రోజుల్లోనే టర్కీ నుంచి విమానాల్లో పాలు దిగాయి. ప్యాకెట్ మీద రాసిన భాష మాలో ఎవరికీ రాదు. మా గదిలో ఉండే అన్న ఒకాయన తెల్లగా ఉంది కదా అని తెచ్చి టీ కాస్తే గిన్నెలోనే విరిగిపోయింది. అది ఉప్పు వేసిన మజ్జిగ. నవ్వుకున్నాం గానీ, ఖతార్ వ్యూహం ఏ దిక్కుకు తిరుగుతోందో ఆ ప్యాకెట్టే చెప్పిందని తర్వాత అనిపించింది.

ఇప్పుడు ప్రశ్నకు వస్తాను. ఆ రోజు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నది సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, వాటితో పాటు మండలిలో సభ్యత్వమే లేని ఈజిప్టు. కువైట్, ఒమన్ కలవలేదు. "గల్ఫ్ దేశాలు ఖతార్‌ను వెలివేశాయి" అని టీవీల్లో వినిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే ఆరింట మూడే ఆ పని చేశాయి, అదీ మండలి పేరుతో కాదు. ముఖ్యమైన విషయాల్లో సభ్యదేశాల అధినేతల అత్యున్నత మండలి నిర్ణయాలు, హాజరైన సభ్యుల ఏకగ్రీవంతోనే జరగాలని 1981 నాటి చార్టర్ చెబుతోంది. సభ్యుల తగాదాలు తీర్చడానికి ఒక సంఘాన్ని వేసుకునే వీలూ అందులో ఉంది, దాన్ని పిలిచినవారే లేరు. మండలి సచివాలయం ఉన్నది సౌదీ రాజధాని రియాద్‌లోనే, నాటి ప్రధాన కార్యదర్శి బహ్రెయిన్ వారే. అయినా సౌదీ ఆ వేదికను వాడుకోలేక పక్కనుంచి వెళ్లింది. తన మాట అందరి చేతా పలికించగల పెద్దన్నకు ఆ అవసరం ఎందుకు వస్తుంది?

సౌదీ మాట మండలిలో చెల్లాలంటే, దానికున్న భయమే మిగిలిన పాలకులకూ ఉండాలి. 2011 మార్చి 14న పెనిన్సులా షీల్డ్ అనే మండలి ఉమ్మడి దళం పేరుతో సుమారు 1,000 మంది సౌదీ సైనికులు, 500 మంది యూఏఈ పోలీసులు కింగ్ ఫహద్ వంతెన మీదుగా బహ్రెయిన్‌లోకి వెళ్లినప్పుడు జరిగింది అదే: నిరసనలకు వీధుల్లోకి వచ్చిన జనాన్ని చూసి పాలకులంతా వణికారు. అప్పుడు కూడా ఒమన్ బలగాలు పంపలేదు. ఆ ఊపులోనే అదే ఏడాది డిసెంబరులో సౌదీ రాజు అబ్దుల్లా, సహకారం దశ దాటి యూనియన్‌గా మారదామని ప్రతిపాదించారు. 2013లో ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ, బహ్రెయిన్ రాజధాని మనామాలో జరిగిన సదస్సులోనే లేచి, యూనియన్ ఏర్పడితే తాము మండలిలో ఉండబోమని కుండబద్దలు కొట్టారు. ఆ ప్రతిపాదన అక్కడితో మూలనపడింది. ఉమ్మడి కరెన్సీ సంగతీ అంతే. కేంద్ర బ్యాంకును రియాద్‌లో పెట్టాలని 2009లో తేల్చగానే యూఏఈ తప్పుకుంది. 2015లో యెమెన్ యుద్ధానికి సౌదీ కూటమి కడితే మిగిలిన నలుగురూ వెంట నడిచారు, ఒమన్ మళ్లీ దూరంగానే నిలిచింది.

ఎవరు ఎంత తలూపుతారన్నది వారి అవసరాన్ని బట్టి ఉంటుంది. బహ్రెయిన్ చమురు రాబడిలో పెద్ద భాగం సౌదీతో పంచుకునే అబూ సఫా క్షేత్రం నుంచే వస్తుంది కాబట్టి ఆ దేశానికి రియాద్ మాట దాటే వీల్లేదు. ఖతార్ సంపదకు మూలమైన గ్యాస్ క్షేత్రం మాత్రం ఇరాన్‌తో కలిసి ఉన్నది. ఆ పొరుగువారితో కయ్యానికి దిగమని రియాద్ ఎంత ఒత్తిడి చేసినా దోహాకు అది కుదిరే పని కాదు. ఆ సంగతి సౌదీకి తెలియదని నేననుకోను, తెలిసీ బలప్రయోగానికి దిగిందన్నదే నా ఫిర్యాదు.

ఫలితం అందరూ చూశారు. ఖతార్ టీవీ చానల్ అల్ జజీరాను మూసేయాలి, టర్కీ సైనిక స్థావరాన్ని ఎత్తేయాలి, ఇరాన్‌తో సంబంధాలు తగ్గించుకోవాలి అంటూ 13 డిమాండ్లు పెట్టి 10 రోజుల గడువిచ్చారు. అదే ఆగస్టులో ఖతార్ తన రాయబారిని తిరిగి టెహరాన్ పంపింది, టర్కీ సైనికుల సంఖ్య పెరిగింది, ఖతార్ విమానాలు ఇరాన్ గగనతలం మీదుగా తిరిగాయి. నా బల్ల మీద కాగితాలూ మారిపోయాయి: దుబాయ్‌లోని జబల్ అలీ రేవు పేరు పోయి ఒమన్‌లోని సోహార్ రేవు పేరు వచ్చింది. జూలైలో పాడి ఆవులే విమానమెక్కి దోహాలో దిగాయి. ఇరాన్ నుంచి దూరం జరగాలని మొదలుపెట్టిన ఒత్తిడి, సభ్యదేశాన్ని ఆ గుమ్మంలోకే తోసింది.

నేను ఇంకొక అడుగు ముందుకు వేసి చెబుతాను, ఒప్పుకోనివారు ఒప్పుకోకపోవచ్చు: చివరికి మారింది రియాద్ విధానమే. 2023 మార్చిలో బీజింగ్‌లో ఇరాన్‌తో దౌత్య సంబంధాలు పునరుద్ధరించుకున్నప్పుడు, అంతకుముందు చర్చలకు చోటిచ్చినందుకు ఇరాక్‌తో పాటు ఒమన్‌కు ఆ ప్రకటనలోనే కృతజ్ఞతలు తెలిపారు. ఇరాన్‌తో మాట్లాడుకోవాలన్న, ఏళ్ల తరబడి అందరూ అనుమానంగా చూసిన ఒమన్ రాజధాని మస్కట్ దారికే సౌదీ వచ్చి చేరింది. అదీ మండలి తీర్మానంతో జరిగింది కాదు.

రాజీ కుదిరిన 2021 జనవరి 5న, సౌదీలోని అల్ ఉలాలో విమానం దిగిన ఖతార్ ఎమీర్ తమీమ్‌ను సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ కౌగిలించుకోవడం మేమంతా ఆఫీసు టీవీలో చూశాం. అల్ జజీరా అప్పటికీ నడుస్తోంది, టర్కీ స్థావరమూ అక్కడే ఉంది. కొన్ని వారాలకు అబూ సమ్రా మీదుగా సరుకు బండ్ల కదలిక మొదలయ్యాక, సౌదీలోని పాత సరఫరాదారుల నుంచి ధరల పట్టికతో మెయిల్ వచ్చింది. దాన్ని మా మేనేజరు ముందు పెట్టి, పాలు మళ్లీ అక్కడి నుంచే తెప్పిద్దామా అని అడిగాను. ఆయన తల కూడా ఎత్తకుండా, టర్కీ నుంచి రావలసిన ఓడ ఎంతవరకు వచ్చిందో కనుక్కోమన్నారు.