పాట నేర్చుకున్న పిల్ల ఆర్‌జే అవుతానంటే

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఆరో తరగతి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. ఇప్పుడు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ వద్దు, రేడియో జాకీ అవుతానంటోంది. ఇన్నేళ్ల సంగీతం వృథా అయినట్టేనా? ఆ పనిలో బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తల్లి, గుడివాడ

జవాబు: అమ్మా, సంగీతం వృథా పోదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. కాకపోతే అది ఎక్కడ పనికొస్తుందో పాపకు తెలియాలి. ఆర్‌జే పాడరు. నచ్చిన పాటలు వేసుకోవడమూ ఉండదు. ప్రైవేటు ఎఫ్‌ఎంలలో ఏ గంటకు ఏ పాటలు రావాలో మ్యూజిక్ మేనేజర్ ముందే జాబితా చేసి పెడతారు. పాటకూ పాటకూ మధ్య మాట్లాడే నాలుగు మాటలే ఆర్‌జేవి. దాన్ని లింక్ అంటారు.

మీ అమ్మాయి నేర్చుకున్నది ఆ లింక్‌లోనే బయటపడుతుంది. పాట మొదలయ్యాక పల్లవి అందుకునేదాకా ఓ పద్నాలుగు సెకన్లు వాద్యాలే వినిపిస్తాయనుకోండి. ఆర్‌జే వాటి మీదే మాట్లాడి, గాయని గొంతు విప్పేలోపు మాట ముగించాలి. ఒక్క ముక్క పల్లవి మీద పడినా వినేవాళ్లకు చిరాకు. గడియారం చూసుకుంటూ నేర్చుకునేవాళ్లు దీంతో చాలా కుస్తీ పడతారు. తాళం వేస్తూ ఎక్కడ ఎత్తుకోవాలో చూసుకున్న పిల్లకు చెవే చెబుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నదీ అంతే.

గాత్రం నేర్చినవాళ్లకు ఒక చిక్కు కూడా ఉంది. మాట్లాడుతున్నా సభ ముందు కూర్చున్నట్టే ఉంటారు. రేడియోకు అవతల సభ ఉండదమ్మా, పోపు వేసుకుంటూ వినే ఒక్క మనిషి ఉంటుంది. 1952లో శ్రీలంకలోని రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టిన అమీన్ సయానీనే చూడండి. ఆయనను రేడియోకు పరిచయం చేసింది అన్న హమీద్, అదీ ఇంగ్లిష్ కార్యక్రమాలతో. అందరికీ అర్థమయ్యే తేలిక హిందుస్తానీ మాత్రం అమ్మ కుల్సుమ్ సయానీ దగ్గర అబ్బింది. ఆవిడ కొత్తగా చదువు నేర్చినవాళ్ల కోసం 'రహబర్' అనే పత్రిక నడిపేవారు. ఆ పనిలో ఆయన సాయం చేసేవారు. కాబట్టి మీ పాప తెలుగు కథలు, వార్తలు రోజూ పైకి చదవాలి. స్వరం బాగుంటే చాలనుకోవడం పొరపాటు.

పాట, మాట రెండూ నడిపినవాళ్లూ ఉన్నారు. మనకు గాయనిగా తెలిసిన చిన్మయి చెన్నైలో ఆహా ఎఫ్‌ఎంలో ఉదయం షో చేశారు.

ఇక బతుకుతెరువు. ఒక్కో స్టేషన్‌లో ఆర్‌జేలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అందుకే డిగ్రీ మానొద్దు. అయితే ఇష్టం లేని బీటెక్‌లో కూర్చోబెట్టడం కన్నా తెలుగు, జర్నలిజం ఉన్న డిగ్రీ మేలని నా అభిప్రాయం. చదువుకుంటూనే ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రకటనలు గమనిస్తుండండి. గాత్రానికి ఆడిషన్ ఇచ్చి గ్రేడు (ఆకాశవాణి కళాకారులకు ఇచ్చే స్థాయి) తెచ్చుకోవడం ఒక దారి, డిగ్రీ అయ్యాక క్యాజువల్ అనౌన్సర్‌గా ప్రయత్నించడం మరో దారి. క్యాజువల్ అంటే నెలలో కొన్ని డ్యూటీలే, దాన్నే నమ్ముకోకూడదు. తర్వాత పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అనుకుంటే అక్కడ బోల్ హైదరాబాద్ అనే క్యాంపస్ రేడియో ఉంది, చేయి తిరగడానికి మంచి చోటు. డబ్బింగ్, ప్రకటనలకు గొంతు ఇవ్వడం, ఆడియో పుస్తకాలు చదవడం కూడా ఇదే చదువుతో వచ్చే పనులు.

ఇప్పుడైతే పాపను మూడు నెలలు, రోజుకొకటి చొప్పున ఫోన్‌లో లింక్ రికార్డు చేయమనండి. రాత్రి వంట చేసుకుంటూ మీరు వినండి. గరిటె ఆపి విన్న రోజులు ఎన్నో క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, మూడు నెలల తర్వాత నాకు రాయండి.