ట్రైన్ టు బుసాన్ సినిమాలో బాగున్నవేంటి, బాగోలేనివేంటి?

2016లో వచ్చిన ఈ కొరియన్ జాంబీ సినిమాకి అసలు బలం రైలే. సియోల్‌లో ఎక్కిన తండ్రీకూతుళ్లకు ఇరుకు బోగీలు తప్ప పారిపోయే దారి లేదు. సంక్రాంతి రద్దీలో విజయవాడ జంక్షన్‌లో జనరల్ బోగీ ఎక్కినవాళ్లకి ఆ ఊపిరాడనితనం ఇట్టే అర్థమవుతుంది. జాంబీలకు చీకట్లో కళ్లు కనిపించవు. ఈ ఒక్క చిన్న నియమంతో, రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడు దర్శకుడు యాన్ సాంగ్-హో పుట్టించిన టెన్షన్ అద్భుతం. గర్భిణి అయిన భార్య కోసం పోరాడే ప్రయాణికుడిగా నటుడు మా డాంగ్-సియోక్, నాకైతే హీరో కన్నా ఎక్కువ గుర్తుండిపోయాడు.

లోపమంటే అదే రైల్లో ఉన్న స్వార్థపరుడైన ఓ కంపెనీ అధికారి పాత్ర. అతనిలో భయపడే మనిషి చాలాసేపు కనిపించడు, ఉత్త విలనే కనిపిస్తాడు. చివర్లో తండ్రి జ్ఞాపకాల సీను కూడా కన్నీళ్ల కోసమే సాగదీశారు. కానీ ఆ తర్వాత పాప పాడుతూ నడిచొచ్చేటప్పుడు మాత్రం నిజంగా ఏడ్చేశాను.