గ్రాంట్ ఆత్మకథ పాత లెదర్ సెట్ కొనాలా?

మీ ప్రశ్న: అమెరికా అంతర్యుద్ధ సేనాని యులిసిస్ గ్రాంట్ ఆత్మకథ, 1885-86 నాటి లెదర్ బైండింగ్ సెట్ అమ్మకానికి కనబడింది, పెట్టుబడిగా కొనొచ్చా అని. పెట్టుబడిగా అయితే వద్దండి. చదువుకోవడానికైతే కొనండి. అప్పుడు కూడా లెదర్‌ది వదిలేసి ఆకుపచ్చ బట్ట అట్టది చూడండి.

నేనుండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడ పెద్దవాళ్లెవరైనా పోతే ఇంట్లో సామానంతా ఎస్టేట్ సేల్ పెట్టి అమ్మేస్తారు. శనివారం పొద్దున్నే అలాంటి ఇళ్లకు వెళ్లి పాత పుస్తకాలు కెలకడం నా అలవాటు. మా ఆవిడ లెక్కలో అది రోగం. ఒకసారి, అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన గెటిస్‌బర్గ్ ఊరి వైపు ఒక ఇంట్లో, అద్దాల బీరువాలో సరిగ్గా ఈ సెట్టే దొరికింది. రెండు సంపుటాలు, గొర్రెతోలు బైండింగ్. దూరం నుంచి చూస్తే దర్జాగా ఉంది. చేతిలోకి తీసుకోగానే నా అరచేతులు, చొక్కా ముందుభాగం ఎర్రగా అయిపోయాయి. “అదేంటండీ, కారం ఒలకబోసుకున్నారా?” అంది మా ఆవిడ, అందరూ తిరిగి చూసేలా.

ఆ కాలపు తోలు అంతే. చెట్ల బెరడు రసంతో శుద్ధి చేసిన తోళ్లు గాలిలోని గంధకపు వాయువులు పీల్చుకుని ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతాయి. పాత పుస్తకాల వాళ్లు దీన్ని రెడ్ రాట్ అంటారు. పట్టిందంటే ఇక తోలు మళ్లీ మామూలుగా అవ్వదు, రాలకుండా పైపూత వేయించుకోగలం, అంతే. నెట్‌లో ఎవరో చెప్పారని నూనె మాత్రం రాయకండి, మరకలు కాగితం దాకా దిగుతాయి.

అమ్మే ఆయన పొడి సంగతి పట్టించుకోలేదు. మొదటి సంపుటం తెరిచి “ఇది చూడండి, జనరల్ స్వయంగా పెట్టిన సంతకం” అన్నాడు. అమెరికా సైనికులకూ నావికులకూ అంకితమని గ్రాంట్ చేతిరాతలో ఉండే పేజీ అది, కింద 1885 మే 23 తేదీ. అది అచ్చేసిన నకలు, ప్రతి సెట్‌లోనూ ఉంటుంది. నేను ఒకటే అడిగాను: గ్రాంట్ చనిపోయింది 1885 జులై 23న, ఈ మొదటి సంపుటం బయటికొచ్చింది అదే ఏడాది డిసెంబరులో, మరి ఈ ప్రతి మీద ఎప్పుడు సంతకం పెట్టాడు? ఆయన మొహం మాడ్చుకున్నాడు. “గెటిస్‌బర్గ్‌లో గెలిచిన జనరల్ పుస్తకం సార్, మళ్లీ దొరకదు” అని ఇంకో బాణం వేశాడు. గెటిస్‌బర్గ్ యుద్ధం జరుగుతున్నప్పుడు గ్రాంట్ మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్ ముట్టడిలో ఉన్నాడు! చుట్టూ ఇన్ని యుద్ధ స్మారకాలు పెట్టుకుని ఇక్కడివాళ్లకే ఇది తెలియకపోతే నాకు ఒళ్లు మండుతుంది. చివరికి సూటు వేసుకున్న ఒకాయన ఆ సెట్‌ను “సంతకంతో సహా” సంతోషంగా కొనుక్కుపోయాడు.

ఇక మళ్లీ దొరకదు అనే మాట. మూడు లక్షల సెట్లకు పైగా అమ్ముడైన పుస్తకమండీ ఇది. భాగస్వామి చేసిన మోసానికి 1884లో గ్రాంట్ దివాలా తీశాడు, ఆ ఏడాదే గొంతు క్యాన్సర్ బయటపడింది. భార్య జూలియా వీధిన పడకూడదని, నోట మాట రాకపోయినా పెన్సిల్‌తో రాసుకుంటూ పుస్తకం ముగించి కొద్దిరోజుల్లోనే పోయాడు. వేరే ప్రచురణ సంస్థ 10 శాతం రాయల్టీ అంటుంటే, రచయిత మార్క్ ట్వైన్ లాభంలో 70 శాతం ఇస్తానని తన సొంత కంపెనీకి తెచ్చుకున్నాడు. ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి ముందే ఆర్డర్లు రాయించుకున్నారు, వాళ్లలో చాలామంది ఆ యుద్ధం చేసిన మాజీ సైనికులు. బట్టా, గొర్రెతోలా, మొరాకో తోలా, ఎవరి తాహతును బట్టి వాళ్లు అట్ట ఎంచుకున్నారు. మొదటి చెక్కే రెండు లక్షల డాలర్లు జూలియా చేతికొచ్చింది. ఇంటింటా ఉన్న పుస్తకం అరుదైనది ఎలా అవుతుంది?

మనవాళ్లకు ఏది చూపించినా “పదేళ్లలో ఎంతవుతుంది?” అనే ప్రశ్నే, శంకర్‌పల్లిలో ప్లాటు అయినా, చచ్చిపోయిన జనరల్ పుస్తకం అయినా. కొత్త లెదర్ ఎడిషన్లూ ఉన్నాయి, ఈస్టన్ ప్రెస్ లాంటివాళ్లవి, బంగారు అంచులు, పట్టు రిబ్బను. బాగుంటాయి, కాదనను. కానీ నేను చూసిన వాటిలో రిబ్బను మొదటి పేజీల దగ్గరే ఉంటుంది, వీడియో కాల్‌లో వెనకాల కనబడటానికి కొన్నవే అన్నీ. మా అమ్మ వచ్చినప్పుడైతే తోలు పుస్తకాలు దేవుడి గూటి దగ్గర్నుంచి తీసేదాకా ఊరుకోలేదు.

లోపల రాసింది చదవండి ముందు, పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగానే ఉంది. తాను కుర్రవాడిగా పోరాడిన మెక్సికో యుద్ధాన్నే, బలమైన దేశం బలహీన దేశం మీద చేసిన అత్యంత అన్యాయమైన యుద్ధాల్లో ఒకటని రాసిన సేనాని ఆయన. అంతర్యుద్ధంలో ఎదుటి పక్షం సేనాని లీ తనకు లొంగిపోయిన రోజున సంతోషం బదులు దిగులేసిందని రాశాడు. నాకు తెలిసి ఏ జనరల్ ఆత్మకథా దీని దరిదాపులకు రాదు.

అప్పటికీ ఆ లెదర్ సెట్టే కావాలంటే తెల్ల చొక్కా వేసుకుని మాత్రం వెళ్లకండి. రెండు సంపుటాలూ ఒకే బైండింగ్‌లో ఉన్నాయా, అట్ట కీళ్లు ఊడాయా, మ్యాపులు ఉన్నాయా చూసుకోండి. సంతకం పేరు చెప్పి ధర పెంచితే మాత్రం తేదీలు అడిగి వచ్చేయండి.