మైనస్ 30లో చెత్త డబ్బా: కెనడాలోని కాల్గరీకి కొత్తగా వచ్చినవాళ్లకు

"పచ్చ డబ్బా బయట పెట్టాం. బండి వచ్చింది, ఎత్తింది, దించింది, వెళ్లిపోయింది. మూత తీసి చూస్తే చెత్తంతా లోపలే ఉంది. ఇంకో రెండు వారాలు ఇది ఇంట్లో పెట్టుకోవాలా?" నవంబరులో విశాఖ నుంచి వచ్చిన ఒక జంట మొన్న అడిగారు. పచ్చ డబ్బా అంటే తిండి వ్యర్థాలు వేసేది, చలికాలంలో దాన్ని రెండు వారాలకోసారే ఖాళీ చేస్తారు. ప్రతి చలికాలం ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్లో చెత్త బండి వస్తే మనిషి బకెట్ అందుకుని, అడుగున అంటుకున్నది కూడా తట్టి పోసుకుంటాడు. ఇక్కడ డ్రైవరు దిగడు. బండికున్న ఇనుప చెయ్యి డబ్బాని పట్టుకుని, బోర్లించి, రెండుసార్లు కుదిపి దించేస్తుంది. అందుకని చలికాలంలో మనం చూసుకోవాల్సినవి రెండే. డబ్బా ఆ చేతికి అందాలి. చెత్త డబ్బాలోంచి జారాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఈ జారే దగ్గరే. మన వంటలో తడి ఎక్కువ. చారు, పులుసు, మిగిలిన పప్పు, టీ పొడి, మజ్జిగన్నం. అవి వేడివేడిగా తెచ్చి డబ్బాలో పడేస్తే గోడలకు అంటుకుని, గంటలో రాయైపోతాయి. వంటింట్లోనే నీళ్లు వడకట్టండి. మిగిలినదాన్ని పాత పేపర్లో పొట్లం కట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. ముందే గడ్డకట్టిన పొట్లం డబ్బాకు అంటుకోదు. డబ్బా అడుగున నలిపిన పేపరో, నూనె మరకలైన పిజ్జా అట్టపెట్టో వేసి ఉంచితే ఇంకా మంచిది. మాంసం, ఎముకలు, కరివేపాకు రెబ్బలు, ములక్కాడ పిప్పి అన్నీ పచ్చ డబ్బాలోకే. ప్లాస్టిక్ కవర్లు మాత్రం అందులో వద్దు. మిగతా చెత్తకోసం ఉన్న నల్ల డబ్బాలో వేసే సంచీ కూడా వంటింటి వెచ్చదనంతో నేరుగా వేయకుండా, ముడి వేసి గరాజ్‌లో కాసేపు చల్లారనిచ్చి వేయండి.

ఇప్పటికే గడ్డకట్టిందా? కర్రతోనో పారతోనో కొట్టకండి. నా మొదటి చలికాలంలో అలా కొడితే డబ్బా మూల పగిలింది. మైనస్ 30లో ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. వెచ్చటి గరాజ్ ఉంటే ఒక రాత్రి లోపల పెట్టండి. లేకపోతే చినూక్ వచ్చేదాకా ఆగండి. పడమటి కొండల మీంచి వీచే ఆ గాలికి ఒక్క రోజులోనే మంచు కరుగుతుంది. అప్పుడు అంచులు విడగొట్టి లోపలిదాన్ని వదులు చేయవచ్చు. అదే గాలి డబ్బాలను పడేస్తుంది కూడా. గాలి హెచ్చరిక ఉన్న రాత్రి డబ్బాలు బయట పెట్టకుండా తెల్లారి పెట్టండి. ఏడింటిలోగా బయట ఉంటే చాలు.

ఇక అందడం. చాలామంది డబ్బాని పార తీసిన మంచు గుట్ట మీద నిలబెడతారు. అది వాలితే ఇనుప చెయ్యికి పట్టు దొరకదు. డబ్బా పట్టేంత చోటు నేల కనబడేదాకా తవ్వి పెట్టండి. మూత మీది బాణం గుర్తులు రోడ్డు వైపు ఉండాలి, డబ్బాకీ డబ్బాకీ మధ్య అర మీటరు ఖాళీ ఉండాలి, పక్కన కారు ఉండకూడదు. కాలిబాట మీద అసలు పెట్టొద్దు. వృద్ధులు, స్ట్రోలర్లు తోసుకెళ్లే తల్లులు ఆ మంచులో రోడ్డు మీదకు దిగాల్సి వస్తుంది. మంచు ఆగిన 24 గంటల్లో మీ ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయడం కూడా మీ బాధ్యతే.

ఒక్కోసారి బండే రాదు. విపరీతమైన చలిలో దాని హైడ్రాలిక్ గొట్టాలు, నూనె మొరాయిస్తాయి. 2024 జనవరి రెండో వారంలో అలాంటి చలే పడింది, కరెంటు తగ్గించి వాడమని 13వ తేదీ రాత్రి అల్బెర్టా రాష్ట్రమంతా అందరి ఫోన్లూ మోగాయి. అలాంటి రోజుల్లో టెన్షన్ పడకండి. నగరం వెబ్‌సైట్ చూడండి, లేదా నగరం సహాయ నంబరు 311కి ఫోన్ చేయండి. ఆలస్యమని చెబితే డబ్బా అక్కడే ఉంచండి. ఆ చలిలో పనిచేసేవాళ్ల మీద విసుక్కోవద్దని నా మనవి.

కర్రీ పాయింట్, కిరాణా కొట్టు పెట్టినవాళ్లకు ఇంకో మాట. నగరం బండ్లు మీ కొట్టుకి రావు. మీరో, స్థలం యజమానో ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకోవాలి. 2017 నవంబరు నుంచి వ్యాపారాలు కూడా ఆహార వ్యర్థాలను వేరు చేయాల్సిందే. మా బావమరిది కొట్టు వెనక పెద్ద బిన్ చుట్టూ ఉన్న గేటు మంచుకు బిగుసుకుపోయి బండి వెనక్కి వెళ్లింది, డబ్బు మాత్రం బిల్లులో పడింది. అక్కడ మంచు తీయాల్సింది ఎవరో లీజులో రాయించుకోండి. వాడిన నూనె డ్రమ్ము బయట పెడితే చిక్కబడి ఎవరూ తోడలేరు, లోపల పెట్టండి. సింకులో మాత్రం పోయొద్దు, పైపులో పేరుకుని మొత్తం కొట్ల వరసకే అడ్డం పడుతుంది.

సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లు ప్రయాణానికి ముందే పచ్చ, నల్ల, రీసైక్లింగ్‌కి ఉన్న నీలం, మూడు డబ్బాలూ ఖాళీ చేయించుకోండి. పక్కింటివాళ్లకు గరాజ్ కోడ్ ఇచ్చి, కాలిబాట మంచు ఎవరు తీస్తారో మాట్లాడుకుని వెళ్లండి. మీరు తిరిగొచ్చాక వాళ్లు ఎక్కడికైనా వెళ్తే, ఆ వారం డబ్బాలు మీరు బయట పెట్టండి.