పార్కులో ఫ్రీగా చెప్తుంటే నా క్లాసుకు ఎవరొస్తారు?

ప్రశ్న: యోగాలో డిప్లొమా చేసి, కూకట్‌పల్లిలో మా మేడ మీద క్లాసులు చెప్తున్నాను. నెలకు 1,500 ఫీజు. మొదట్లో బాగానే వచ్చారు, ఇప్పుడు పొద్దున బ్యాచ్‌లో నలుగురైదుగురే మిగిలారు. పక్క పార్కులో ఫ్రీగా నేర్పుతున్నారు, యూట్యూబ్ ఎలాగూ ఉంది. ఎవరో ఒక రకం వాళ్లకే చెప్పుకోమని స్నేహితులంటున్నారు. గర్భిణులా, పిల్లలా, సాఫ్ట్‌వేర్ వాళ్లా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఫీజు తగ్గించే ఆలోచన ఉంటే మానుకోండి, ఫ్రీతో పోటీపడి ఎవరూ నెగ్గలేరు. 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుగుతోంది, 2025లో విశాఖ తీరంలో లక్షల మంది ఆసనాలు వేశారు. కాబట్టి యోగా గురించి జనానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అయితే అంత గుంపులో ఒక పెద్దావిడ మోకాలు వంగక పక్కన నిలబడిపోతే పట్టించుకునేవాళ్లు ఉండరు. మీ మార్కెట్ ఆవిడే.

గర్భిణుల క్లాసుకు ప్రత్యేక శిక్షణ, గైనకాలజిస్టుల నమ్మకం రెండూ కావాలి, పైగా కాన్పు దగ్గరపడేసరికి బ్యాచ్ ఖాళీ, మళ్లీ కొత్తవాళ్లను వెతుక్కోవాలి. పిల్లలు పరీక్షలొస్తే రారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టేసి రెండో వారం నుంచి కనిపించరు (డబ్బు పరంగా మీకు నష్టం లేదనుకోండి, కానీ మళ్లీ కట్టరు).

నా ఓటు అరవై దాటి, కింద కూర్చోలేని వాళ్లకు. కుర్చీ యోగా. ఇంటి పనులు తెమిలే పదకొండు గంటలకు, మేడ మీద కాదు, మెట్లెక్కలేరు కదా, అపార్టుమెంటు క్లబ్ హౌస్‌లోనో సెల్లార్‌లోనో పెట్టండి. అసోసియేషన్ వాళ్లనడిగి ఒకరోజు ఊరికే చేసి చూపించండి. బ్యాచ్‌కు పదిమందికి మించి వద్దు. చేర్చుకునేటప్పుడే బీపీ, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), ఎముకల బలహీనత, మోకాలి ఆపరేషన్ ఉన్నాయేమో రాయించుకోండి. గ్లకోమా ఉంటే తల కిందికి వంచే ఆసనాలు వద్దు, ఎముకలు గుల్లబారిన వాళ్లతో నడుము బాగా ముందుకు వంచించొద్దు, ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టరు సరేనంటేనే. కరపత్రంలో షుగర్ పోతుందని మాత్రం రాయకండి. లేచి కూర్చోవడం తేలికవుతుంది, తూలిపడే భయం తగ్గుతుంది అని రాస్తే చాలు, వాళ్లకు కావాల్సిందీ అదే.

ఇది కుదిరాక, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకు ఆన్‌లైన్‌లో చెప్పొచ్చు. పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు, తెలుగులో మాట్లాడే మనిషి దొరికితే అదే సగం ఆకర్షణ. ఫీజు ఎలాగూ కొడుకో కూతురో కడతారు, తిరిగొచ్చాక ఇక్కడి బ్యాచ్‌లో కలిపేయొచ్చు. న్యూజెర్సీలో ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు కాబట్టి అది ఏడున్నర అవుతుంది, వారం ముందే అందరికీ వాట్సాప్‌లో చెప్పేయండి.