సుగ్గికి పోయే ఇంటి పిల్ల చదువు

ప్రశ్న: మేడం, మాది కర్నూలు జిల్లా కోసిగి వైపు పల్లె. నాకు చదువు రాదు, పక్కింటి పిల్లతో రాయిస్తున్నాను. ఏటా సంక్రాంతి కాగానే గుంటూరు వైపు మిరపకోతకు సుగ్గికి, అంటే కూలిపనికి వలస, పోతాం. పోయినేడు చిన్నోణ్ణి చూసుకోవడానికి ఆరో తరగతి చదివే పాపను కూడా తీసుకుపోయాం. ఇప్పుడు ఏడులో లెక్కలు అసలు అర్థం కావడం లేదంటోంది. సారేమో ‘ఇంట్లో పట్టించుకోరా’ అంటున్నారు. అదే క్లాసులో కిరాణా కొట్టు వాళ్ల పాప ఫస్టు వస్తుంది. మన వంశంలోనే చదువు లేదని మా అత్త అంటుంది. అప్పు చేసైనా ప్రైవేటు స్కూల్లో వేయమంటారా?

జవాబు: వంశం మాట పక్కన పెట్టండమ్మా. ముందు ఒక లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. సుగ్గిలో మీ పాపకు ఓ అరవై పోయాయనుకోండి, మిగిలేవి 160. అంటే 73 శాతం కూడా లేదు. పిల్లల చదువుకని తల్లుల ఖాతాలో వేసే డబ్బుకు అమ్మ ఒడి రోజుల్లోనే 75 శాతం హాజరు షరతు పెట్టారు. ఊళ్లో పని దొరక్క వలసపోయే ఇంటికే ఆ డబ్బు ఎక్కువ అవసరం, ఆ ఇంటి పిల్లకే ఆ హాజరు కుదరదు. ఆ షరతు రాసినవాళ్లకు సుగ్గి గుర్తుకు రాలేదనే అనుకుంటాను.

నేను ఆదోని దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పాను. సంక్రాంతి సెలవులయ్యాక రిజిస్టర్లో కొన్ని పేర్లకు వరసగా ఆబ్సెంటే. ఆ పిల్లలు తిరిగొచ్చేసరికి మేము రివిజన్‌లో ఉండేవాళ్లం. ఆరులో నిష్పత్తి వినని పిల్లకు ఏడులో శాతాలు, వడ్డీ లెక్కలు ఎలా ఎక్కుతాయి?

కొట్టు వాళ్ల పాప సాయంత్రాలు నాన్న పక్కన కూర్చుంటుంది. లాభం, నష్టం, వడ్డీ ఆ ఇంట్లో రోజూ వినబడే మాటలు. పుస్తకంలోనూ అవే ఉంటాయి. మీ పాపకు కిలోకి ఎంత కూలి, ఎన్ని టిక్కీలు (మిరప బస్తాలు) నిండాయి అన్న లెక్క నోటికే వచ్చి ఉంటుంది, కానీ పరీక్షలో దాన్ని ఎవరూ అడగరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు 3,000 మంది పిల్లలను గమనిస్తూ వచ్చిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. ఐదేళ్ల వయసుకే, ఇంటి స్థితిని బట్టి పిల్లలకు తెలిసిన మాటల్లో తేడా కనబడింది.

‘ఇంట్లో పట్టించుకోరా’ అన్న మాట నాకు ఎప్పుడూ నచ్చదు. చదువురాని తల్లి నోట్సు దిద్దుతుందా? దిద్దాల్సింది సారే. మీరు వంట చేసుకుంటున్నప్పుడు పాపను పాఠం గట్టిగా చదవమనండి, అందులో ఏముందో మీకు చెప్పమనండి. నీళ్లు, అంట్లు, తమ్ముడు లేని గంట ఒకటి ఇవ్వండి. అంతకుమించి మీ నెత్తిన వేసుకోకండి. పోయిన అధ్యాయాలు మళ్లీ చెప్పమని సారునే అడగండి, మొహమాటం వద్దు.

ప్రైవేటు స్కూలు వద్దు. జూన్‌లో ఫీజు కట్టి, జనవరిలో పాపను మళ్లీ మిరప చేలోకి తీసుకుపోతే ఏం లాభం? పైగా ఆ అప్పు తీర్చడానికి ఇంకో నెల సుగ్గి.

అసలు చేయాల్సిన పని వేరే ఉంది. వలసపోయే ఇళ్ల పిల్లల కోసం ప్రభుత్వం సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. పెద్దవాళ్లు సుగ్గికి పోయినా పిల్లలు అక్కడే ఉండి, తిని, బడికి పోవచ్చు. ఈసారి మీ దగ్గర ఎక్కడ పెడుతున్నారో హెడ్మాస్టర్‌నీ, మండల విద్యాధికారినీ ఇప్పుడే అడగండి, పండుగ దాకా ఆగితే ఆలస్యమవుతుంది. మీలాగే పోయే నలుగురు తల్లులు కలిసి వెళితే మాట గట్టిగా వినబడుతుంది. కస్తూర్బా బాలికా విద్యాలయం ఇంకో దారి. అక్కడ ఇంటర్ దాకా చదువు, తిండి, బస అన్నీ ఉచితం. ఏడు, ఎనిమిదిలో ఖాళీలున్నాయేమో కనుక్కోండి. ఎనిమిదికి వచ్చాక ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించమని సారుకు చెప్పి ఉంచండి. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

ఆడపిల్లను హాస్టల్లో వదిలి ఎలా పోతామని మీ అత్తగారు అనొచ్చు. చూడటానికి వెళ్లేటప్పుడు ఆమెనూ వెంట తీసుకెళ్లండి. ఆమె సుగ్గికి రాకుండా ఊళ్లోనే ఉండేటట్టయితే చిన్నోణ్ణి ఎవరు చూసుకుంటారన్నది కూడా ఆ రోజే మాట్లాడుకోవచ్చు.