ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో అదే పేరును మళ్లీ వాడితే పాత విలువ చెరిగిపోతుందా?

చెరిగిపోదు. ఓకామెల్ అనే ఫంక్షనల్ భాషలో విలువకు పేరు పెట్టే ‘లెట్’తో ‘లెట్ ఎక్స్ = 5’ అని రాసి, దాని కింద ‘లెట్ ఎక్స్ = ఎక్స్ + 1’ అని రాస్తే, కుడివైపు ఎక్స్ పాతది, ఎడమవైపుది కొత్తది; అక్కడి నుంచి ఎక్స్ అంటే 6. అయితే ఆ రెండో వరుసకు ముందే పాత ఎక్స్‌ను వాడుకున్న ఫంక్షన్‌కు ఎప్పుడు పిలిచినా 5 మాత్రమే కనిపిస్తుంది. మా విజయనగరం వైపు తాత పేరు మనవడికి పెడతారు. ఇంట్లో మరో అప్పలనాయుడు పుట్టినంత మాత్రాన పెద్దాయన మారిపోడు, ఆ పేరుతో పిలిస్తే ఎవరు పలుకుతారన్నదే మారుతుంది.

అవే వరుసలను హాస్కెల్ అనే మరో ఫంక్షనల్ భాషలో ఒక లెట్ లోపల మరో లెట్‌గా రాస్తే కథ వేరు. అక్కడ లెట్‌లోని పేరు దాని నిర్వచనంలో కూడా చెల్లుతుంది కాబట్టి రెండో వరుసలోని రెండు ఎక్స్‌లూ కొత్తవే అవుతాయి, జవాబు ఎన్నటికీ రాదు. ఓకామెల్‌లో అలా తనను తాను సూచించుకోవాలంటే ‘రెక్’ అని విడిగా చెప్పాలి.

2018లో వచ్చిన ఎల్మ్ భాష 0.19 వెర్షన్ షాడోయింగ్‌ను, అంటే ఇలా పాత పేరును కొత్తది కప్పేయడాన్ని, ఏకంగా దోషంగా ప్రకటించింది. నా దృష్టిలో అది అతి జాగ్రత్త. పేరు కప్పవద్దంటే జనం ఎక్స్1, ఎక్స్2, ఎక్స్3 అని రాసుకుంటూ పోతారు, చివరికి ఎక్స్3 రాయవలసిన చోట ఎక్స్2 రాస్తారు. కప్పేస్తే ఆ పాత విలువ చేతికే అందదు.

అసలు ప్రమాదం ప్యాటర్న్ మ్యాచింగ్‌లో, అంటే విలువను వరుసగా కొన్ని నమూనాలతో సరిపోల్చి దారి ఎంచుకోవడంలో ఉంది. మా వీధిలో బీటెక్ చదువుతున్న ఒక కుర్రవాడు, కాంప్లెక్స్ (బస్టాండు) నుంచి ఏ ఊరికి బస్సు ఛార్జీ ఎంతో చెప్పే చిన్న ప్రోగ్రాం ఓకామెల్‌లో రాసి తెచ్చాడు. పైన బొబ్బిలి = 1, పాలకొండ = 2, పలాస = 3 అని పేర్లు పెట్టి, కింద ‘మ్యాచ్ ఊరు విత్ బొబ్బిలి’ అని మొదలుపెట్టి ఒక్కో ఊరికి ఒక్కో ఛార్జీ రాశాడు. నడిపితే పలాస వెళ్లేవాడికి కూడా బొబ్బిలి ఛార్జీయే పడుతోంది. ప్యాటర్న్‌లో చిన్న అక్షరంతో మొదలయ్యే పేరు పైనున్న విలువతో పోల్చి చూడదు. వచ్చిన విలువ ఏదైనా సరే దానికి తానే కొత్త పేరై కూర్చుంటుంది. కింది రెండు వరుసలూ నిరుపయోగమని కంపైలర్ హెచ్చరించింది కూడా, కానీ అతడు చదవలేదు. తప్పు అతడిదని నేను అనను; ఔట్‌పుట్ వస్తే ల్యాబ్ రికార్డు మీద సంతకం పెట్టి పంపించే చదువులో హెచ్చరికలు చదవమని చెప్పేవారెవరు?

ఊళ్లను అంకెలుగా కాక, పెద్ద అక్షరంతో మొదలయ్యే కన్‌స్ట్రక్టర్లుగా, అంటే ఒక టైప్‌కు ఉండగల విలువల పేర్లుగా, ఆ టైప్‌లో ప్రకటించమన్నాను. కన్‌స్ట్రక్టర్‌ను భాష ఉన్నవాటిలో వెతుకుతుందే తప్ప కొత్తగా సృష్టించదు. అక్షరం తప్పు రాస్తే అక్కడికక్కడే నిలదీస్తుంది. విచిత్రమేమిటంటే, అతడి మొదటి పద్ధతి ఎర్లాంగ్ అనే భాషలో అయితే సరిగ్గానే పనిచేసేది, ఎందుకంటే అక్కడ మ్యాచ్ లాంటి ‘కేస్’లో ముందే విలువ ఉన్న పేరు వస్తే భాష పోల్చి చూస్తుంది. ఎర్లాంగ్ వర్చువల్ యంత్రం మీదే నడిచే ఎలిక్సిర్ భాషలో మాత్రం ఆ పోలిక కావాలంటే పేరు ముందు ^ గుర్తు పెట్టాలి.